తోకబండి నోట్లో ఉప్పు

రెండు తీగ కొసలూ పక్కపక్కన నాలిక మీద ఆనించి సింహాచలం కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు. కరెంటనేది ఉంటే నాలికకి చెప్పకుండా ఉండదు, పచ్చి చింతకాయ కొరికినట్టు చురుక్కుమని పుల్లగా పలకరిస్తుంది. లేకపోతే ఇదిగో ఇంతే, చచ్చిన ఇనప రుచి, వాననీళ్లలో నానిన మేకు రుచి. నీ నాలిక చేసే పనులన్నిటిలో నిజం పలికే పని ఇదొక్కటేనయ్యా అని పెళ్లాం అనేది, పోయే ముందు మంచం మీద కూడా నవ్వుతూ అంది, ఆవిడ మాట ఇప్పుడెందుకు, ఇక్కడ దీపం సంగతి చూడాలి. వెనక దీపం దగ్గర కరెంటు లేదు. దీపంలో బుడ్డి బాగానే ఉంది, లారీ బ్యాటరీకి ఆనించి చూస్తే ఎర్రగా వెలిగింది. అంటే జబ్బు దారిలో ఉంది. దారంటే ఎంత, లారీ వెనక తగిలించే ఈ తోకబండికి ముందున్న సాకెట్టు నుంచి వెనకున్న దీపం దాకా పన్నెండడుగుల తీగ, మధ్యలో రెండు అతుకులు. పన్నెండడుగులే గానీ వెల్లకిలా పడుకుని వీపుతో పాక్కుంటూ పోయేవాడికి పన్నెండామడలు. ముక్కుకి జానెడెత్తున ఇరుసు, దాని పైన చెక్క, చెక్క పైన రైలు పట్టాల కింద వేసే గుగ్గిలం చెట్టు దిమ్మలు డెబ్భై, చక్రాల కింద అడ్డు పెట్టిన రాళ్లు నాలుగు. ఆ నాలుగు రాళ్ల మంచితనం మీద అతని ప్రాణం ఆధారపడి ఉంది. పక్కకి ఒత్తిగిలితే భుజం ఇరుసుకి తగులుతుంది. పొట్ట మీద కొత్త ప్లగ్గు వైరు చుట్టగా చుట్టి ఉంది, విశాఖపట్నం నుంచి నిన్ననే వచ్చింది, పైన ఎర్రనూలు అల్లిక, ఊపిరి తీస్తే లేస్తోంది, విడిస్తే దిగుతోంది, పాము నిద్రపోతున్నట్టు.

తగిలించెయ్యవయ్యా మావా, ఒక కొస లారీకి, ఒక కొస తోకబండికి, అయిపోయె, అని డ్రైవరు కొండబాబు ఇప్పటికి మూడుసార్లు అన్నాడు. కొండబాబు అలాగే అంటాడు, తోలేవాడికి ముందున్నదే కనిపిస్తుంది. వాల్తేరు షెడ్డులో సింహాచలానికి పని నేర్పిన ముసలి ఫిట్టరు ఒకాయన ఉండేవాడు, పాత వైరు ఎందుకు చచ్చిందో తెలుసుకోకుండా కొత్త వైరు తగిలించేవాడు శవాన్ని దింపిన మంచం దులపకుండా పెళ్లికొడుకుని కూచోబెట్టినవాడు, అనేవాడు. ఇంజను తుమ్మితే ఆ ఫిట్టరు టోపీ ఎగిరి విజయనగరంలో పడిందనీ, మర్నాటి పాసింజరులో ఇస్త్రీ అయి తిరిగొచ్చిందనీ సింహాచలం కొండల్లో కథ చెప్పాడు. టోపీ కథ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. టోపీ కథలు చెప్పుకుంటూ చచ్చిపోయి ఉంటే ఎంత బాగుండేది. వీపు కింద గులకరాయి గుచ్చుకుంటోంది, తీసి పారేద్దామంటే చెయ్యి అక్కడికి పోదు. పాకు, ఇంకో జానెడు.

రెండు వైపులా కాళ్లు. బండి కింద పడుకున్నవాడికి లోకమంటే కాళ్లే. సుంకరిమెట్ట సంత ముగిసిపోయింది, కోమట్లు గోనెలు కట్టేసుకున్నారు, ఇళ్లకి పోవలసిన కొండజనం మాత్రం పోకుండా తోకబండి చుట్టూ నిలబడ్డారు, ఇరవై జతలుంటాయి. ఇత్తడి అందెలున్న కాళ్లు, అందెలు తీసేశాక మిగిలిన తెల్లటి గీత ఉన్న కాళ్లు, పగుళ్లలో పసుపు ఇరుక్కున్న మడమలు. ఈ ముగ్గురూ ఆడవాళ్లు, సామపిండి అంటుకుంది. ఈ గరిటె పాదాలు ముసలి మంగ్లివి, పొగచుట్ట బూడిద ఆమె బొటనవేలి పక్కనే రాలుతోంది. అదిగో అవి సోంబరు కాళ్లు. ఎడమ కాలికి చిటికెనవేలు లేదు. ఎండిన బురద మోకాళ్ల దాకా ఉంది. ఆ కాళ్లు మిగతా వాటిలాగా కదలటం లేదు, బరువు ఒక కాలి మీదనించి ఇంకో కాలి మీదకి మార్చుకోవటం లేదు, సంత ముగిసినప్పట్నించీ ఒకేచోట పాతినట్టున్నాయి. బయటికి వెళ్లాలంటే ఆ కాళ్ల మధ్యనుంచే వెళ్లాలి. నెల తక్కువ అరవయ్యేళ్ల మనిషి, పులిని చూశానని చెప్పిన మనిషి, పులితో మాట్లాడానని కూడా ఒకసారి చెప్పిన మనిషి, ఒక వేలు లేని కాలిని చూసి బండి కింద ఇలా ముడుచుకుపోవటమేమిటి.

దీపం వెలిగితే వాళ్లు వెనకాల నడుస్తారు. అంతే, ఇందులో తెలియనిదేమీ లేదు. బరువుతో ఘాటు రోడ్డు దిగే లారీ మనిషి నడకకంటే జోరుగా పోదు, మూడు మైళ్ల దాకా, వెదురు మలుపు దాటి వాళ్ల ఊళ్ల దారులు చీలే దాకా, ఎర్రదీపం వెనకాల వరసగా నడుస్తారు, ఆడవాళ్లు నెత్తిమీద బుట్టలతో, మగవాళ్లు కావళ్లతో. దీపం వెలగకపోతే నడవరు, రాత్రికి సంతపాకల్లోనే నెగడు వేసుకుని పడుకుంటారు, పొద్దెక్కాక పోతారు. వెదురు మలుపు దగ్గర పులి ఉంది. పోయిన శుక్రవారం ఉంది, మొన్న సోమవారం ఒక ఆవుని తీసింది, ఇవాళ ఉండదని ఎవరు చెప్పగలరు. మరి అయితే వెలగలేదని చెప్పెయ్యి సింహాచలం, నీకు అబద్ధమాడటం కొత్తా. కొత్త కాదు, కానీ వెనక దీపం లేకుండా ఇంకొక్కసారి తనిఖీ గేటు దగ్గర పట్టుబడితే మేస్త్రీని మార్చేస్తానని లారీ యజమాని కబురు పెట్టాడు. ఈ వయసులో బండి కింద దూరనిచ్చే యజమాని ఇంకొకడు దొరకడు. దిమ్మల మీద ఎక్కించుకుని పోదామంటే కొండబాబు ఒప్పుకోడు, నిరుడు ఇద్దరు జారి పడ్డారు. ఎటు తిరిగినా ఏదో ఒకటి భుజానికి తగులుతోంది.

మొదటి అతుకు. గుడ్డపట్టీ విప్పాడు, పళ్లతో లాగి. తీగలు రాగి రంగులోనే ఉన్నాయి, శుభ్రంగా. నాలిక ఆనించాడు. లేదు. ఇక్కడా లేదు. పట్టీ మళ్లీ చుడుతూ ఉంటే ఎవరో నవ్వారు, ఆడమనిషి నవ్వు, మంగ్లిదే. మేస్త్రీబాబు మావకి మందేత్తన్నాడు అంటోంది. మావ. ఆ మాట వినగానే సింహాచలం చెయ్యి ఆగింది. మావ కన్ను. ఎప్పుడు చెప్పాడా కథ. సంత మైదానంలోనే, ఆషాఢంలో కాబోలు, చినుకు పడుతూంటే ఈ తోకబండి కిందకే అందరూ చేరారు, కాళ్లు కాదు అప్పుడు, మొహాలు, తడిసిన మొహాలు, కథ కావాలని అడిగిన మొహాలు. ఈ ఎర్రదీపమేటి బాబూ అని ఎవరో అడిగారు. వెనకొచ్చే బండికి ముందు బండి ఉందని తెలియటానికి, అని చెప్పి ఉంటే పోయేది. ఎంత చప్పని మాట. అలాంటి మాట చెప్పటానికి సింహాచలం నోరే దొరికిందా. ఇది పులిమామ కన్నర్రా అన్నాడు. పులి కుర్రతనంలో మీలాగే పిల్లనడిగాడు, మామింట మూడేళ్లు పోడు కొట్టి పెడతానని ఒప్పుకున్నాడు, మూడు వారాలు కొట్టి గొడ్డలి పారేసి పిల్లని లేవదీసుకుని పారిపోయాడు, అప్పట్నించీ ఒంటికన్ను మామ అల్లుడికోసం కొండంతా వెతుకుతున్నాడు, ఆ కన్నే ఇది, నేనే పట్టి తెచ్చి బండికి బిగించాను, పులి ఎక్కడ ఈ కన్ను చూసినా తల దించుకుని తుప్పల్లో దూరిపోతాడు, మామకి మొహం చూపించలేడు కదా. ఎంత నవ్వారు. బండి చెక్క అదిరేలా నవ్వారు. సోంబరు అందరికంటే ఎక్కువ నవ్వాడు, ఎందుకంటే పెళ్లాం కనక కోసం మామింట మూడేళ్లు పోడు కొట్టినవాడు అతను, ఒక్కరోజు తక్కువ కాకుండా కొట్టాడు, ఆ పోడులోనే గొడ్డలి జారి చిటికెనవేలు పోయింది. నాను పారిపోనేదు బాబూ, వేలిచ్చి తెచ్చుకున్నాను, అని కాలెత్తి చూపించాడు. కనక పక్కనే ఉంది, సిగ్గుపడలేదు, ఏలొక్కటేనా ఇచ్చినావు అంది, మళ్లీ నవ్వులు.

నవ్వితే పోయేదే. కానీ కథ బాగుంటే కొండజనం దాన్ని ఇంటికి తీసుకెళ్లి, పిల్లలకి చెప్పి, మర్నాటికి దాని వెనకాల నడవటం మొదలుపెడతారని పల్లపు మనిషికి ఎలా తెలుస్తుంది. తెలుసు. తెలిసే ఉంటుంది. మూడో సంతకే చూశాడు కదా, చీకటి పడకముందే ఇల్లు చేరాలని పరుగులు తీసేవాళ్లు తీరిగ్గా కూచుని, లారీ బయల్దేరే దాకా ఆగి, దీపం వెనకాల పాటలు పాడుకుంటూ రావటం. ఎంత గర్వంగా ఉండేదో. లారీలో కొండబాబు పక్కన కూచుని వెనక్కి తిరిగి చూస్తే మలుపు మలుపుకీ ఎర్రటి వెలుగులో తలలు, బుట్టలు. దేవుడి ఊరేగింపులాగా. పాకు, ఇంకో జానెడు. చెమట కంట్లో పడింది, తుడుచుకోవాలంటే మోచెయ్యి మడవాలి, మోచెయ్యి మడవాలంటే చోటుండాలి.

రెండో అతుకు. లేదు. అంటే ఇక మిగిలింది ముందున్న సాకెట్టు. బ్యాటరీ నుంచి తెచ్చిన తీగని సాకెట్టు నోట్లోకి ముందువైపు నుంచి దోపి ఉంచాడు, కరెంటు నోట్లోకి వెళుతోంది, గొంతు దిగటం లేదు. అయితే గొంతులోనే ఉంది జబ్బు. పోయిన సంత రాత్రి, రాత్రి కాదు, ఇంకా పడమట ఎరుపు ఉంది, మూడో మలుపు దగ్గర వాసన వచ్చింది. నూలు కాలిన వాసన, దాని కింద రబ్బరు కాలిన వాసన, పనివాడికి ఇంకో అర్థం లేని వాసన. కొండబాబూ వైరు కాలింది, ఆపు, అనాలి. అనలేదు. బరువుతో వాలు మీద బండి ఆపి నిలబెట్టటం కష్టమని, దిగి చూడాలని, మంచులో బండి కింద పడుకోవాలని, వీపు నొప్పి అని. తీరా అప్పుడు అతను ఏదో కథ మధ్యలో ఉన్నాడు, ఏనుగు రైలెక్కిన కథ కాబోలు. వెనకనుంచి కేకలు వినిపించాయి. కన్ను మూసీసింది బాబో, కన్ను మూసీసింది. ఏటి మావా ఆ కేకలు, అని కొండబాబు అడిగాడు. పాట పాడుతున్నారులే అన్నాడు సింహాచలం. పాడుతున్నారులే. ఏనుగు టిక్కెట్టు తీసే చోట ఉన్నాడు, అక్కడ కథ ఆపితే రుచి పోతుంది. వెదురు మలుపు దాటాక ఇంకో రకం కేక వచ్చింది, అప్పుడు ఆపారు. వరసలో చివర నడిచినది సోంబరు పెళ్లాం కనక. పులి ఎప్పుడూ చివరివాళ్లనే తీస్తుంది. బుట్ట దొరికింది, బుట్టలో ఒక ఆకు పొట్లం ఉంది. మర్నాడు పొద్దున్న వాగు దగ్గర మిగతాది దొరికింది, సోంబరు ఎవరినీ రానివ్వకుండా ఒక్కడే వెళ్లి తెచ్చుకున్నాడు.

వాళ్లేమన్నారు. నిన్ను చంపుతాం అనలేదు, నువ్వు చెప్పింది అబద్ధం అనలేదు. అదే అని ఉంటే ఈ పాటికి మంచం మీద హాయిగా నిద్రపోయేవాడు. మేస్త్రీబాబు సెప్పింది నిజమేనర్రా, కన్ను మూసినాది, పులొచ్చీసింది, అన్నారు. వారం రోజుల్లో నాలుగు కొండలు దాటి ఆ మాట పాకిపోయింది. కథకి సాక్ష్యం దొరికింది. యాభయ్యేళ్లుగా చెప్పిన కథల్లో దేనికీ దొరకని సాక్ష్యం.

సాకెట్టు వెనకవైపు మూత విప్పాడు. చీకట్లో కనిపించదు, వేలికి మాత్రం పొడిపొడిగా ఏదో తగిలింది, ఇసకేమో, ఘాటు రోడ్డు దుమ్మేమో. తీగ కొస తీసుకుని నాలికమీద పెట్టుకున్నాడు. పులుపు లేదు. చచ్చిన ఇనుమూ కాదు. ఉప్పు. సింహాచలం నాలిక బయటపెట్టుకుని అలాగే ఉండిపోయాడు. మళ్లీ ఆనించాడు. ఉప్పే. కల్లుప్పు, సంతలో సోలలతో కొలిచే బూడిదరంగు ఉప్పు, మంచుకి చెమ్మగిల్లి, ఇత్తడిని తిని, పచ్చటి చిలుము పట్టించి, అటు తీగకీ ఇటు ఇనప గొట్టానికీ మధ్య వంతెన కట్టేసింది. కరెంటు దీపం దాకా పోకుండా ఇక్కడే ఇనుములోకి దిగిపోయింది, వేడెక్కింది, వైరు కాలింది. వేలితో గోకితే రాలుతూనే ఉంది, మెడ మీద పడుతోంది, చొక్కాలోకి పోతోంది. పిడికెడుంటుంది. ఇంత ఉప్పు ఇందులోకి ఎలా, అని ఒక్క క్షణం అనుకున్నాడు, అనుకున్నట్టు నటించాడు, బండి కింద ఒంటరిగా, ఎవరి కోసమో.

మావేటి తింటాడు బాబూ అని అడిగారు మరి. ఆ వేళ అతని చేతిలో పచ్చిమామిడికాయ ఉంది, ఉప్పు లేదు. ఉప్పే తింటాడర్రా అన్నాడు. అడివిలో తిరిగేవాడికి ఇంకేం కావాలి, ఇంటికి చిటికెడు చొప్పున పొట్లం కట్టి ఆ నోటి దగ్గర పెట్టండి, మీ ఉప్పు తిన్నాక మీ వెనకాల పులిని రానిస్తాడా. లారీ దిమ్మల కోసం అడివిలోకి పోయినప్పుడల్లా తోకబండి సంత మైదానంలోనే ఉండేది, ప్లగ్గు పీకేసిన సాకెట్టు నోరు తెరుచుకుని. తిరిగొచ్చేసరికి దాని కింద ఆకు పొట్లాలు. సింహాచలం నవ్వుకుంటూ సంచీలో వేసుకునేవాడు, నాలుగు నెలలుగా అతను ఉప్పు కొనలేదు, శృంగవరపుకోటలో పక్కింటివాళ్లకి కూడా పెట్టాడు. అతను ఎరగనిది ఒక్కటే. వాళ్లు నమ్మకంగా పనిచేసే మనుషులు. పొట్లం మేస్త్రీబాబుకి, మావకి పెట్టవలసింది మావ నోట్లోనే, అని వాళ్లలో వాళ్లే భాగం పంచుకున్నారు. ఒక పూట గంజిలోకి ఉప్పుకల్లు లేకుండా తాగి, కొండ దిగి, సంతకొచ్చి, తవుడూ అడ్డాకులూ అమ్మి ఉప్పు కొని, ఇంటికి తీసుకెళ్లకముందే ఈ ఇనప గొంతులో పోశారు. దీపాన్ని చంపింది వాళ్ల ఉప్పు. ఉప్పు పోయమన్నది ఎవరు.

కాళ్లు కదిలాయి. వేలు లేని కాలు ముందుకొచ్చి మడత పడింది, మోకాలు నేలకి ఆనింది, తరవాత తలకిందులుగా ఒక మొహం, గడ్డం పైన, నుదురు కింద. సోంబరు బండి కిందకి తొంగి చూస్తున్నాడు. వారం రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. చేతిలో ఆకు పొట్లం ఉంది, పెద్దది, రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మేస్త్రీబాబూ, అయిపోనాదేటి?"

లేదన్నట్టు తలూపబోతే ఇరుసు తగిలింది.

"మావకి ఇయ్యేల మొత్తం ఎట్టేత్తాను బాబూ." గొంతు తగ్గించాడు, వెనకాల వాళ్లకి వినపడకూడదన్నట్టు. "పోయిన సంతకి కనక మొత్తం పోసీమంది. నానే సగం దాసీసినాను. ఇంట్లో నేదని. ఆ దాసిందే దాని బుట్టలో దొరికింది. సగమే ఎట్టినాను గాబట్టి, సగం దారి సూసినాడు మావ. తప్పు నాదే బాబూ. ఇదిగో, అదీ ఇదీ కలిపీసి తెచ్చినాను."

సింహాచలం నోరు తెరిచాడు. నోట్లో ఉప్పు. ఎన్ని మాటలు వచ్చేవో ఈ నోట్లోంచి, వద్దన్నా వచ్చేవి, నిద్రలో వచ్చేవి. ఈ మనిషి వారం రోజులుగా తన పిడికెడు ఉప్పుని తూకం వేసుకుంటున్నాడు. చిటికెనవేలు ఇచ్చి తెచ్చుకున్న పెళ్లాన్ని అరసోలెడు ఉప్పు కోసం పులికిచ్చానని అనుకుంటున్నాడు. చెప్పు. ఇప్పుడే చెప్పు. బయటికి రా, బయటికొచ్చి చెప్పు, తలకిందులుగా ఉన్న మొహానికి ఏం చెబుతావు. నిజానికి నువ్వు పోసిన ఆ సగం కూడా దాచుకుని ఉంటే, అందరూ మొత్తం దాచుకుని ఉంటే, దీపం వెలిగేది. దీపం వెలిగినా పులి వచ్చేది. ఏది చెబితే ఏది మిగులుతుంది వీడికి.

పోనీ వెలగలేదని చెబితే. ఇవాళ్టికి పాకల్లో పడుకుంటారు. వచ్చే సంతకి వీడు రెండు సోలలు పోస్తాడు, వచ్చే సంతకి మూడు, ఇంట్లో ఉప్పు లేకుండా, తప్పు తనదే అనుకుంటూ. "బేగి మావా, పొద్దు గుంకిపోతంది," అని కొండబాబు అరిచాడు. చేతులు పని మొదలుపెట్టేశాయి. సింహాచలం చెప్పకుండానే. కిరసనాయిలు గుడ్డ తీశాయి, చాకు తీశాయి, చిలుము గీకాయి, ఇత్తడి మెరిసేదాకా తుడిచాయి, మూత బిగించాయి. ఈ చేతులకి అబద్ధం నేర్పటానికి ఎవరూ ఎప్పుడూ ప్రయత్నించలేదు, పాడైన దాన్ని చూస్తే బాగుచెయ్యటం తప్ప వాటికేమీ తెలియదు. వెనక్కి పాకి ఒక్కో అతుకూ మళ్లీ చూశాడు, నాలికమీద పులుపు తగిలింది, రెండో దగ్గరా తగిలింది, దీపం దగ్గరా తగిలింది. ఇక చూడవలసిందేమీ లేదు. మళ్లీ ముందుకి పాకి, దోపి ఉంచిన తీగ పీకేసి, కొత్త వైరు ఒక కొస సాకెట్టులో గుచ్చి, ఇంకో కొస కొండబాబుకి అందించాడు.

ముందు మట్టి ఎర్రబడింది. తరవాత కాళ్లు. ఇరవై జతల కాళ్లు, వెనకవైపు నుంచి ఒక్కొక్కటే, అందెలు, పగుళ్లు, సామపిండి, అన్నీ కుంకం నీళ్లలో ముంచి తీసినట్టు అయిపోయాయి. పైన ఒక్కసారిగా నిట్టూర్పు. మావ లేచినాడు అంది మంగ్లి. వేలు లేని కాలు కూడా ఎర్రబడింది. ఆ కాలి పక్కనుంచే, భుజం గీరుకుంటూ, సింహాచలం బయటికి వచ్చాడు.

నిలబడటానికి కొంచెం సేపు పట్టింది. సోంబరు అప్పటికే సాకెట్టు దగ్గర కూచుని పొట్లం విప్పుతున్నాడు. సింహాచలం వెళ్లి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"వొద్దురా సోంబరూ. అది కన్ను కాదు. దీపం. దానికి ఆకలీ లేదు, అల్లుడూ లేడు. వెనకొచ్చే బండివాడికి కనిపించడానికని పెట్టినారు. పులి దాన్ని లెక్కచెయ్యదు. మీరివాళ పాకల్లో పడుకోండి. కథ నేనే కల్పించినాను."

అందరూ విన్నారు. మంగ్లి నోట్లోంచి చుట్ట తీసి నవ్వింది, ఆ నవ్వు అందుకుని మిగతావాళ్లు నవ్వారు, వారం రోజుల తరవాత మొదటిసారి నవ్వుతున్నట్టు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

"ఈ కత బాగోనేదు బాబూ," అంది మంగ్లి. "ఎనకటిదే బాగుంది."

సోంబరు నవ్వలేదు. సింహాచలం మొహం వంక జాలిగా చూశాడు. "నాకోసం అబద్దమాడతన్నావు బాబూ. తప్పు నాది కాదని నన్ను నమ్మించాలని. నీ మనసు నాకు తెలుసును." అంటూనే మణికట్టు విడిపించుకోబోయాడు. సింహాచలం పొట్లం లాక్కున్నాడు. సాకెట్టులో ప్లగ్గు ఉంది, ఇప్పుడు పోస్తే దీపం పోతుంది, పొట్లం తరవాత ఇస్తానులే, అన్నాడు. ఆ మాట మాత్రం వాళ్లు నమ్మారు. బుట్టలు నెత్తికెక్కాయి, కావళ్లు భుజానికెక్కాయి. పాకల్లో పడుకోమని ఇంకో రెండుసార్లు అన్నాడు, ఎవరో చిన్నగా నవ్వారు. ఇళ్లల్లో గంజి లేకుండా కూచున్న పిల్లలున్నారు, మేకలు కట్టేవాళ్లు లేరు, దీపం వెలుగుతోంది, ఎందుకు ఆగుతారు.

కొండబాబు పక్కసీటు చూపించాడు. సింహాచలం తల అడ్డంగా ఊపాడు. నీకేటైనా పిచ్చా, పులుందక్కడ, అన్నాడు కొండబాబు. ఉంది, నువ్వు మెల్లిగా పోనీ, మలుపు దగ్గర హారను కొట్టు, వెనకనుంచి ఏ కేక వినిపించినా ఆపు, పాటయినా సరే ఆపు, అన్నాడు. లారీ కదిలింది. తోకబండి కదిలింది. వరస కదిలింది. ఒక్కొక్కరే అతన్ని దాటి వెళ్లేదాకా రోడ్డు పక్కన నిలబడి, చివరి బుట్ట కూడా దాటాక, దాని వెనకాల నడవటం మొదలుపెట్టాడు.

ఇక్కడికి వెలుగు రాదు. ఇరవైమంది వీపులు దాన్ని తాగేస్తాయి, ముందు వరసల్లో తలల మీద ఎరుపు ఉంటుంది, మధ్యలో భుజాల మీద కొంచెం, చివరికొచ్చేసరికి నీ చెయ్యి నీకు కనిపించదు. నాలుగు నెలలు లారీలో కూచుని వెనక్కి తిరిగి చూసిన ఊరేగింపుకి చివర ఇలా ఉంటుందని అతనికి తెలియదు. ఇక్కడే నడిచింది కనక. వెలుగు తన మీద పడటం లేదని ఆమెకి తెలిసే ఉండాలి. అయినా నడిచింది, ముందెక్కడో కన్ను ఉందని. ఎడమ పక్క లోయ, కుడి పక్క తుప్పలు, తుప్పల్లో చప్పుడు, ఎలకో, ఆకో. చొక్కా లోపల ఉప్పు చెమటకి తడిసి వీపంతా మండుతోంది, బండి కిందనుంచి వచ్చాడే గానీ బండి కిందే ఉన్నట్టుంది. మొదటి మలుపు. రెండో మలుపు. ముందు ఎవరో ఆగారు. వరసలోంచి ఒక నీడ వెనక్కి జారి అతని పక్కకి వచ్చింది, కుంటుతున్నట్టుండీ కుంటని నడక.

"ముందుకి పో సోంబరూ."

"ఇక్కడ ఒక్కడివీ ఏటి నడుత్తావు బాబూ." కొంతదూరం ఊరికే నడిచాడు. "సీకటిగా ఉంది. ఒక కత సెప్పు."

మూడో మలుపు వచ్చింది. వెదురు వాసన ఇంకా రాలేదు, ఇంకో అరమైలు. సింహాచలం నాలికతో పెదవి తడుపుకున్నాడు, ఉప్పు ఇంకా పోలేదు. ఏనుగు రైలెక్కిన కథ ఉంది, సగంలో ఆగిపోయింది, ఇక్కడే ఆగిపోయింది.

"ఆ వేళ ఇక్కడికొచ్చేసరికి తీగ కాలిన వాసన నాకొచ్చింది," అన్నాడు. "దీపం పోయిందని తెలిసింది. ఆపమని చెప్పలేదు. దిగాలని బద్ధకమేసింది. మీరు కేకలేసినారు, కన్ను మూసీసిందని. విన్నాను. పాట పాడతన్నారని కొండబాబుకి చెప్పినాను. ఉప్పు పొట్లాలు ఇంటికి పట్టుకుపోయి నేనే తిన్నాను. మీరు నోట్లో పోసిన ఉప్పుకే తీగ కాలిపోయింది. నువ్వు సగం దాచినావు కాబట్టి కాదు."

ఇంకేమీ చేర్చలేదు. చేర్చడానికి ఏమీ లేదు. ఇంత పొట్టి కథ అతను ఎప్పుడూ చెప్పలేదు.

సోంబరు నవ్వలేదు. జాలిపడనూ లేదు. పక్కన అడుగుల చప్పుడు ఆగిపోయింది, సింహాచలం కూడా ఆగాడు. ముందు వరస వెళ్లిపోతోంది, ఎర్రటి వెలుగు మలుపు తిరిగి కొండచరియ మీద పాకుతోంది. చీకట్లో మొహం కనిపించలేదు, ఊపిరి మాత్రం వినిపించింది, పోడులో గొడ్డలి దింపి ఆగినవాడి ఊపిరి. తరవాత ఒక చెయ్యి వచ్చి అతని చేతిలోని పొట్లాన్ని తీసుకుంది. లాక్కోలేదు, తన వస్తువు తను తీసుకున్నట్టు తీసుకుంది. పంచె కొంగు బిగించి ముడివేస్తున్న చప్పుడు వినిపించింది.

సోంబరు వరసలోకి నడిచి వెళ్లిపోయాడు. కొంతదూరం పోయాక అతని భుజం మీద ఎరుపు పడింది. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని సింహాచలం చూశాడు. చూడలేదు. ముందు కొండబాబు వెదురు మలుపు కోసం హారను కొట్టాడు. సింహాచలం వెలుగు రాని చోట, అందరికంటే చివర, నడవటం మొదలుపెట్టాడు.